వడ్డీకాసులవాడి దారిలో

చెన్నై తెలుగువాళ్లకు పెరటాసి అనే తమిళ మాసం అంటే కొండ నెల. శనివారాల్లో స్వామికి తళిగ (నైవేద్యం) వేసి, నెలంతా నీచు ముట్టకుండా ఉండి, ఓపిక ఉన్నవాళ్లు పసుపు బట్టలు కట్టుకుని తిరుమలకు నడుస్తారు. పెరంబూరులోని మా భజన గోష్ఠి కూడా ఏటా నడుస్తుంది. రెడ్‌హిల్స్, పెరియపాళెయం, ఊత్తుకోట, నాగలాపురం, నారాయణవనం, పుత్తూరు మీదుగా తిరుపతికి సుమారు 140 కిలోమీటర్ల దారి. ఒకప్పుడు పొద్దున పది గంటల దాకా నడిచేవాళ్లమనీ, ఇప్పుడు ఎనిమిదింటికే తారురోడ్డు అరికాళ్లను కాలుస్తోందనీ మా గోష్ఠిలో పాతకాపులు చెబుతుంటారు. అందుకే ఇప్పుడు మా నడక అర్ధరాత్రి దాటాక మొదలై, తెల్లవారిన కాసేపటికే ఆగిపోతుంది.

నేను భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, బయలుదేరే ముందు గోష్ఠి పెద్దాయన నాకొక పని అప్పగించారు. "మాష్టారూ, మజిలీల్లో భజన అయ్యాక ఓ పది నిమిషాలు ఈ ఎండల గురించీ, వానల గురించీ మీరు మాట్లాడాలి. అయితే పాఠంలా వద్దు, స్వామి మాటగా చెప్పండి" అన్నారు.

సరేనన్నాను గానీ మనసులో కొంత ఇబ్బంది లేకపోలేదు. నేను నామం పెట్టుకునేవాణ్ణే. కానీ వేదికల మీద "ఇదంతా మన వేదాల్లో ఏనాడో చెప్పారు" అనే మాటను వినీ వినీ విసిగినవాణ్ణి కూడా. అథర్వవేదంలోని భూమిసూక్తం "మాతా భూమిః పుత్రోఽహం పృథివ్యాః" అంటుంది, నిజమే. ఆ మాట నోటికి వచ్చిన ఊళ్లోనే కూవం నది ఏమైందో చెన్నైలో ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. 2015లో, వాతావరణ మార్పుపై దేశాలు కుదుర్చుకున్న పారిస్ ఒప్పందానికి ముందు నెలల్లో, భూమిని కాపాడుకోవాలంటూ పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సి' లేఖను వెలువరించారు. ఇస్తాంబుల్‌లో ముస్లిం పండితులు వాతావరణ మార్పు మీద ఒక ప్రకటన చేశారు. హిందూ ఆచార్యులు, సంస్థలు కలిసి మరొకటి చేశారు. మూడూ మంచి ప్రయత్నాలే. పెద్ద వేదికల మీద వాటికి దక్కవలసిన గౌరవం దక్కింది. అయితే పూలు కట్టేవాళ్లూ, ఆటో తోలేవాళ్లూ, రైల్వే క్యారేజీ వర్క్స్‌లో పనిచేసి రిటైరైనవాళ్లూ ఉన్న మా గోష్ఠిలో ఒక్కరి చెవికైనా అవి చేరలేదు. అక్కడ చేరనిది మజిలీ పందిట్లో ఎలా చేరుతుందన్నదే నా ఆలోచన.

మొదటి మాట పుళల్ చెరువు దగ్గర, రెడ్‌హిల్స్‌లో చెప్పాను. ధనుర్మాసంలో మేమంతా పాడుకునే తిరుప్పావై మూడో పాశురంలో "తీంగిన్రి నాడెల్లాం తింగళ్ ముమ్మారి పెయ్‌దు" అని వస్తుంది. దేశమంతటా కీడు లేకుండా నెలకు మూడు వానలు కురవాలని గోదాదేవి ప్రార్థన. ఆమె వానలు అడిగి ఊరుకోలేదు, అవి పంచి కురవాలనీ, ముంచకుండా కురవాలనీ కూడా అడిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదని, అందువల్ల మూడుసార్లుగా రావలసిన వాన ఒక్కసారిగా కుమ్మరించే అవకాశం పెరుగుతుందని, మిగిలిన రోజుల్లో ఎండే మిగులుతుందని చెప్పాను. 2015 డిసెంబరులో తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన పడి ఊరు మునిగింది. నాలుగేళ్లు తిరగకముందే, 2019 జూన్ నాటికి, ఇదే పుళల్ చెరువు అడుగున మట్టి నెర్రెలిచ్చింది. ఆ జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్నాం. ఒక్క వరదనో ఒక్క కరవునో పట్టుకుని ఇది వాతావరణ మార్పే అని తేల్చడం తప్పనీ, చెరువులు పూడ్చి ఇళ్లు కట్టుకున్న పాపం వేరే ఉందనీ కూడా చెప్పాను. ముందు వరసలో కూర్చుని కాళ్లకు ఆముదం రాసుకుంటున్న పెద్దమ్మ చేయి ఆపి, "అయితే నాయనా, ఆ తల్లి అడిగింది ఒకటి, మనం తెచ్చుకుంటున్నది ఇంకొకటి" అంది. 7 శాతం ఎవరికీ గుర్తుండదు గానీ ఆ మాట యాత్రంతా గోష్ఠిలో తిరిగింది.

పెరియపాళెయంలో భవానీ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని ఊత్తుకోట చేరాం. అక్కడికి దగ్గర్లోనే, తామరైకుప్పం వద్ద, ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి 152 కిలోమీటర్లు ప్రయాణించిన కృష్ణా జలం తమిళనాడులో అడుగుపెడుతుంది. దాన్ని జీరో పాయింట్ అంటారు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కుదుర్చుకున్న ఒప్పందం వల్ల వచ్చిన కాలువ అది. గట్లు తెగి, నీరు ఇంకిపోయి అక్కరకు రాకుండా పోతున్నప్పుడు, 2002లో పుట్టపర్తి సత్యసాయిబాబా దాన్ని బాగుచేయిస్తామని ప్రకటించి, ట్రస్టు డబ్బుతో పని పూర్తి చేయించారు. విశ్వాసం నీటికి ఏం చేయగలదో అడిగేవాళ్లకు చూపించడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు. అక్కడ ఉపన్యాసం కాదు, మట్టి పని జరిగింది. కాలువ ఎంత బాగున్నా పైన కృష్ణలో నీళ్లుంటేనే పారుతుందన్న సంగతి మాత్రం మరువరాదు.

సరిహద్దు దాటగానే సురుటుపల్లి. హాలాహలం మింగిన శివుడు సొమ్మసిల్లి అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని పడుకున్న చోటుగా ఆ గుడికి పేరు. ఆ రాత్రి నేను మాట్లాడలేదు; చెన్నై నుంచి కారులో వచ్చిన ఒక ఉపన్యాసకుడు మాట్లాడారు. చక్కని గొంతు. లోకమంతా సుఖాల కోసం భూమిని చిలుకుతోందని, పుట్టిన పొగే నేటి హాలాహలమని, నీలకంఠుడు దాన్ని గొంతులో నిలిపి మనల్ని కాపాడుతున్నాడని గంటసేపు చెప్పారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. పందిరి వెనకాల మా డీజిల్ జనరేటర్ దడదడలాడుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా దాని పొగ ఆడవాళ్లు కూర్చున్న వైపు కమ్ముకుని, చంటిపిల్లలు దగ్గుతున్నారు. ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే కథ వింటోంది. పోలిక అందంగా ఉందన్న దాంట్లో సందేహం లేదు. కానీ విషాన్ని శివుడే మింగేస్తే మనకు మిగిలే పని చప్పట్లు కొట్టడం ఒక్కటే కదా! వినేవాడి చేతికి ఏ పనీ ఇవ్వని దైవకథ ఈ విషయంలో ఉపకారం కన్నా అపకారమే ఎక్కువ చేస్తుందని నా అభిప్రాయం.

నాగలాపురంలో దీనికి ఎదురుగా మరో చిక్కు వచ్చింది. అక్కడ వేదనారాయణస్వామి మత్స్యావతారంలో ఉంటాడు. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాదేవి పేరిట కట్టించిన ఊరు, గుడి. ప్రదక్షిణం చేస్తూ మా రైల్వే అన్నగారు, "కలియుగంలో ఇవన్నీ జరగాల్సినవే మాష్టారూ, ప్రళయం రాసిపెట్టి ఉంది, మీరు చెప్పి ఆపగలరా?" అన్నారు. ఈ మాట నేను చెన్నైలో వెయ్యిసార్లు విన్నాను; లెక్కలు చెప్పి దీన్ని కదిలించడం ఎవరి వల్లా కాదు. ఎదురుగా స్వామి ఉన్నాడు కనుక భాగవతాన్నే అడ్డం వేశాను. చేప రూపంలో వచ్చిన స్వామి సత్యవ్రతుడికి ఏడు రోజుల ముందే ప్రళయం సంగతి చెప్పాడు. చెప్పి వదిలేయలేదు, ఓషధులనూ విత్తనాలనూ పోగుచేసుకోమన్నాడు, సప్తర్షులతో కలిసి నావ ఎక్కమన్నాడు. రాసిపెట్టి ఉంది కదా అని ఆ రాజు చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటే విత్తనం మిగిలేది కాదు. అన్నగారు కాసేపు ఆలోచించి, "అయితే ఆ నావలో ఎంతమందికి చోటుందండీ?" అన్నారు. గట్టి ప్రశ్నే. ఆ కథలో నావ ఒక్కటే. మన తీరంలో పళవేర్కాడు నుంచి కోవళం దాకా చేపలు పట్టుకు బతికే కుప్పాలు ఎన్నో. దైవకథలను ఎక్కడి దాకా లాగాలో అక్కడ ఆపడం కూడా తెలిసి ఉండాలి.

నారాయణవనం చేరేసరికి నా కాళ్లకు బొబ్బలు లేచాయి. ఆకాశరాజు ఏలిన ఊరు, శ్రీనివాసుడు పద్మావతిని పెళ్లాడిన ఊరు. ఆ పెళ్లి ఖర్చుకే కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, కలియుగం చివరి దాకా వడ్డీ కడుతూనే ఉంటాడని పసిపిల్లలకు కూడా తెలుసు. చెప్పవలసిన మాట నాకు ఇక్కడే దొరికింది. బొగ్గు, పెట్రోలు, డీజిల్ కాల్చి గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద భాగం వందల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. యంత్రాలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఇవాళ కాల్చడం మానేసినా చేసిన అప్పు అలాగే నిలిచి ఉంటుంది, వేడి రూపంలో వడ్డీ వస్తూనే ఉంటుంది. మానకపోతే అసలు ఇంకా పెరుగుతుంది. లోకాలను ఏలేవాడే అప్పు ఎగ్గొట్టకుండా ఏడుకొండల మీద నిలబడి వడ్డీ కడుతుంటే, ఆయన భక్తులమని చెప్పుకునే మనం మనవల పేర అప్పు రాసి పోవడం ఏం మర్యాద అని అడిగాను.

అంబత్తూరు ఎస్టేట్‌లో పనిచేసే కుర్రవాడు లేచి, "అప్పు చేసింది మనమా సార్? కార్లు, విమానాలు అమెరికావాళ్లవి, యూరప్‌వాళ్లవి. మా ఇంట్లో ఏసీ కూడా లేదు" అన్నాడు. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. తలసరి చూస్తే భారతీయుడు వదిలే పొగ ప్రపంచ సగటులో సగం కూడా ఉండదు. నేను ఆ లెక్క చెప్పబోతుండగా ఆముదం పెద్దమ్మ అందుకుంది. "స్వామి పెళ్లి అప్పు పత్రం మీద నువ్వు సంతకం పెట్టావా నాయనా? మరి హుండీలో ఎందుకు వేస్తున్నావు?"

పందిరంతా గొల్లుమంది, కుర్రవాడితో సహా. తాము చేయని అప్పును భక్తితో, ఆనందంగా, ఏటా నడిచి వెళ్లి మరీ తీర్చే జనానికి ఈ పని కొత్తది కాదని ఆవిడ ఒక్క మాటతో తేల్చేసింది. విన్నప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో, పడుకున్నాక అంత బెంగ పట్టుకుంది. పేదవాడి హుండీ పైసతో అంతా తీరిపోతుందని తియ్యగా చెప్పుకుంటూ పోతే, నిజంగా అప్పు చేసినవాళ్లు హాయిగా తప్పుకుంటారు. ఆ ఇస్తాంబుల్ ప్రకటనలో నాకు నచ్చినది ఇదే: సంపన్న దేశాలనూ, చమురు అమ్ముకునే దేశాలనూ ఎత్తిచూపి, మీరే ముందు నడవాలని అడిగింది. అందుకే మర్నాడు పుత్తూరు దారిలో ఆ కుర్రవాడి పక్కన నడుస్తూ, హుండీలో వేయడమూ కావాలి, పెద్ద బాకీదారుణ్ణి నిలదీయడమూ కావాలి, రెండోది మానమని ఏ స్వామీ చెప్పలేదు అన్నాను. "నిలదీసేటప్పుడు కూడా గోవిందా అనొచ్చా సార్?" అన్నాడు. తప్పకుండా అనవచ్చునన్నాను.

నారాయణవనంలో ఆ రాత్రే ఇంకొకటి కూడా జరిగింది. ఆటో నడిపే ఒక తమ్ముడు, ఫైనాన్స్ వాయిదాలు తీరగానే కరెంటు ఆటోకు మారతానని పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టుకున్నాడు. బళ్లలో పిల్లలచేత నేను చేయించిన ప్రతిజ్ఞలు ఎన్ని నిలిచాయో నాకు తెలుసు. ముడుపు సంగతి వేరు. మొక్కు బాకీ ఉంచుకుంటే నిద్రపట్టని మనుషులు వీళ్లు. అందులో భయం ఉంది కదా అని కొందరు మిత్రులు ఆక్షేపిస్తారు. ఉంటే ఉంది, మాట తప్పడానికి భయపడటం అంత చెడ్డ గుణమేమీ కాదు.

కొండ మీద చాలామంది ప్లాస్టిక్ నిషేధాన్ని మెచ్చుకున్నారు, నీళ్లకు గాజు సీసాలు వచ్చాయని చూపించారు. అది మంచిదే అయినా, చెత్త వేరు, పొగ వేరు. కంటికి కనిపించే సీసాను మానేసి, కనిపించని పొగకు లెక్క చూసుకోకపోవడం మనలో చాలామంది చేసే పని. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసి ఉంచిన సంగతిని మా వాళ్లు తమంతట తామే తలుచుకున్నారు. నేను వ్యాఖ్యానం చేయనక్కర లేకపోయింది. అన్నప్రసాదం వంటకు సూర్యరశ్మితో ఆవిరి పుట్టించే ఏర్పాటు 2000ల తొలి ఏళ్లలోనే అక్కడ పెట్టారని చెబితే మాత్రం పెద్దాయన ఆశ్చర్యపోయి, మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నారు.

తిరిగి వచ్చాక పెరంబూరులో లెక్కల సమావేశం జరిగింది. వచ్చే ఏటి జనరేటర్‌కు బయానా ఇవ్వవద్దని, సోలార్ పలకలతో నింపుకునే బ్యాటరీలు చూడాలని పెద్దాయన ప్రతిపాదించారు. ఉపన్యాసకుడికి మైకు చప్పుడు తగ్గుతుందని ఒకరు, వర్షం పడితే ఏం చేస్తారని మరొకరు అడ్డు చెప్పారు. కోశాధికారి అయితే, నమ్మకం సంగతి సరే, మూడు గంటల భజనకు ఆ బ్యాటరీ ఆగుతుందో లేదో ధనుర్మాసంలో వీధి భజనకు ఒకటి అద్దెకు తెచ్చి చూపించమన్నారు. అద్దె ఎంతో కనుక్కునే పని నాకూ, అంబత్తూరు కుర్రవాడికీ పడింది.