తెల్ల ఇసుక, ఉప్పు కొటార్లు

శనివారం రాత్రి, లాస్ క్రూసెస్ (న్యూ మెక్సికో, అమెరికా)

అమ్మ పడుకుంది. కెమెరా బ్యాగు ఇంకా గుమ్మం బయటే ఉంది. లోపలికి తెస్తే ఇల్లంతా తెల్లపొడి అవుతుంది, పొద్దున దులపాలి.

మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిని రెండున్నరకి బయల్దేరాం. వైట్ శాండ్స్ అనే తెల్ల ఇసుక ఎడారి మా ఇంటి నుంచి గంట ప్రయాణం. వెళ్లేముందు రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. పక్కనే క్షిపణి పరీక్షల కేంద్రం ఉంది కాబట్టి పరీక్షలున్న రోజు హైవే కాసేపు ఆపేస్తారు. ఇవాళ అదేం లేదు. ఆర్గన్ కొండల కనుమ దాటి దిగుతుంటే దూరంగా తెల్లటి గీత కనిపించింది.

"అవేంటి తల్లీ, ఉప్పు కొటార్లా?" అంది అమ్మ.

అమ్మది చినగంజాం, ఉప్పు పండించే ఊరు. చిన్నప్పుడు కొటార్ల గట్ల మీదే తిరిగింది. ఉప్పు కాదమ్మా, జిప్సం అనే ఖనిజం అని చెప్పడం మొదలుపెట్టాను. చుట్టూ ఉన్న కొండల్లోని జిప్సం వాన నీళ్లలో కరిగి కిందికి వస్తుంది. ఈ లోయలోంచి నీళ్లు బయటికి పోయే దారి లేదు, సముద్రానికి తీసుకెళ్లే ఏరూ లేదు. లూసెరో అనే చెరువులో నిలబడి, ఎండకి ఇగిరిపోతే పలుకులు మిగులుతాయి. గాలి వాటిని విరగ్గొట్టి ఇసుక చేస్తుంది. అలా 275 చదరపు మైళ్ల మేర తెల్ల తిన్నెలు.

అంతా విని అమ్మ, "నేనన్నదీ అదే కదా. మడిలో నీళ్లు పెడతాం, ఎండ లాగేస్తుంది, ఉప్పు తేలుతుంది. ఇక్కడ మడి కట్టినవాళ్లు లేరు, అంతే" అంది. ఈ ఎడారికి నేను ఇది ఆరోసారి రావడం. ఒక్కసారి కూడా నాకు ఇంత తేలిగ్గా అర్థం కాలేదు.

తిన్నెల మధ్య కారు ఆపి చెప్పులు విప్పేశాం. జిప్సం ఎండకి కాలదు, చల్లగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో అమ్మ మెల్లగా ఎక్కింది. చిటికెడు ఇసుక తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదిలింది, ముగ్గు వేసేటప్పుడు వదిలినట్టే. ఆ పక్కనే ఏదో పురుగు నడిచిన జాడ, కుట్టుమిషను మీద కుట్టినట్టు రెండు వరసల చుక్కలు, తిన్నె అంచుదాకా వెళ్లి ఆగిపోయింది. దాన్ని దగ్గరగా తీశాను. కొంచెం ఇసుక ఇంటికి తీసుకెళ్దామంది అమ్మ. జాతీయ పార్కు కాబట్టి తీసుకెళ్లకూడదన్నాను. ఏమీ అనకుండా చేతులు దులిపేసుకుంది.

మొదటి నలభై ఫొటోలు పాడయ్యాయి. కెమెరా దేన్ని చూసినా మధ్యరకం బూడిదరంగు అనుకుని వెలుతురు కొలుస్తుంది. తెల్ల ఇసుకని చూస్తే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అందుకే ఇక్కడ వెలుతురు ఒకటి, ఒకటిన్నర స్టాపులు (ఒక స్టాపు అంటే రెట్టింపు వెలుతురు) మనమే పెంచాలి. తెలిసి కూడా పెంచలేదు. ఆ ఎండలో స్క్రీన్ కనిపించక, బాగానే వస్తున్నాయనుకున్నాను. నీడలో నిలబడి చూస్తే అన్నీ సిమెంటు రంగు! చాలా బాధేసింది. మంచి ఏటవాలు వెలుతురంతా అప్పుడే పోయింది.

దానికి తోడు, ఫోన్ సూర్యాస్తమయం అయిదు దాటాక అంటున్నా పడమట శాన్ ఆండ్రెస్ కొండలు అడ్డం కాబట్టి సూర్యుడు ముందే దిగిపోతాడు. టెన్షన్‌తో ట్రైపాడ్ పడమటికి తిప్పి నారింజరంగు ఆకాశాన్నే తీస్తున్నాను. చుట్టూ ఉన్నవాళ్లూ అటే తీస్తున్నారు.

"ఇటు తిరుగు తల్లీ" అంది అమ్మ. "సూర్యుడు ఎక్కడైనా ఒకటే. కుప్పలు చూడు."

తిరిగాను. తూర్పున తిన్నెల మీద గులాబీరంగు, వాటి పల్లాల్లో లేత నీలం. ఆ ఇసుకకి సొంత రంగు లేదు. ఏ వెలుగు పడితే ఆ రంగే. పడమటి ఆకాశానికి ఎదురుగా ఉన్న వాలు గులాబీ, నెత్తిన ఉన్న ఆకాశం మాత్రమే కనిపించే పల్లం నీలం. గాలి గీసిన ప్రతి చారకీ ఈ రెండు రంగులూ పక్కపక్కనే ఉన్నాయి. సాయంత్రాలు ఉప్పు కుప్పలు కూడా ఇలాగే ఉండేవట, తాటాకులు కప్పకముందు. మా చెల్లెలి పరికిణీ రంగు అనుకునేవాళ్లం అని అమ్మ చెప్పింది.

కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే ఆ గులాబీని తప్పు అనుకుని దిద్దేస్తుంది. దాన్ని ఎండ గుర్తుకి మార్చి, వెలుతురు పెంచి తీశాను. కాసేపటికి సాక్రమెంటో కొండల వెనకనుంచి ముదురు నీలం పట్టీ ఒకటి పైకి లేచింది. అది భూమి నీడ. రోజూ లేస్తుంది, ఎదురుగా సూర్యుణ్ణి చూస్తూ ఉండిపోతే కనిపించదు. అమ్మకి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు.

చీకటి పడ్డాక అక్కడ ఎక్కువసేపు ఉండనివ్వరు. తిరుగు దారిలో సరిహద్దు పోలీసుల తనిఖీ దగ్గర ఇద్దరి పాస్‌పోర్టులూ చూపించి ఇంటికొచ్చేసరికి ఏడున్నర.

ఫొటోల్లో పదకొండు ఉంచాను, అన్నీ తూర్పువైపువే. ఒకటి అమ్మ వాట్సాప్‌లో చిన్న మామయ్యకి పంపింది, ఏమీ రాయకుండా. అక్కడ ఆదివారం పొద్దున. పది నిమిషాల్లో జవాబు వచ్చింది.

"ఈ వానల్లో ఇంత ఉప్పు ఎక్కడ తీశారక్కా?"