ఫ్లోరెన్స్‌లో తడి సున్నం, ఆగని తెర

స్ట్రోజ్జీ భవనం కట్టడం 1489లో మొదలైంది. 2022 వేసవిలో మేము ఫ్లోరెన్స్ వెళ్ళేసరికి దాని లోపలి ఆవరణలో, రాతి స్తంభాల నడుమ, భారీ డిజిటల్ తెర నిలబెట్టి ఉంది. రెఫిక్ అనదోల్ అనే డిజిటల్ కళాకారుడు చేసిన కృతి అది. 1300 నుంచి 1700 దాకా ఇటలీలో పుట్టిన వేల చిత్రాలను యంత్రానికి చూపించి, దానిచేత కొత్తవి పుట్టించాడు. రంగులు అలల్లా లేచి మీద పడతాయేమో అనిపిస్తుంది. ఎండలో తిరిగి తిరిగి వచ్చిన జనం నోరు తెరిచి చూస్తున్నారు. నేనూ చూశాను.

గ్రాఫిక్స్ నా ఉద్యోగమే కాబట్టి లోపల జరిగేది కొంత తెలుసు. రెండు న్యూరల్ నెట్‌వర్కులుంటాయి. ఒకటి బొమ్మ వేస్తుంది, రెండోది అసలా నకిలీనా అని పసిగడుతుంది. ఆ రెండోదాన్ని మోసం చేయగలిగేదాకా మొదటిది తనను తాను దిద్దుకుంటూ పోతుంది.

అక్కడినుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే సాంతా మరియా నొవెల్లా చర్చి. లోపల ఎడమ గోడ మీద మసాచో అనే చిత్రకారుడు 1420లలో వేసిన ‘త్రిత్వం’ ఉంది, శిలువ మీది క్రీస్తు చిత్రం. లెక్క వేరు, కళ వేరు అని వాదించేవాళ్ళను తీసుకొచ్చి ఈ గోడ ముందు నిలబెట్టాలి. చదును గోడ మీద నిజంగానే లోతైన మంటపం ఉన్నట్టుంటుంది. పైకప్పు గళ్ళ గీతలన్నీ శిలువ అడుగున, దాదాపు మన కంటి ఎత్తులో, ఒక్కచోటికి చేరతాయి. మేకు కొట్టి, దారం బిగించి గీసుకున్నాడు. తడి సున్నంలో ఆ ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. నేను వాడే సాఫ్ట్‌వేర్ లోతు చూపించేదీ ఇదే జ్యామితితో.

కాకపోతే మరియమ్మ దగ్గర నేను ఆగిపోయాను. ఆమె ముఖానికి చదరాలు గీసుకుని మరీ కొలతలు కుదుర్చుకున్నాడట. ఫోను కెమెరాతో దగ్గరికి లాగి చూశాను. అందగత్తె కాదు, వయసు మళ్ళిన మనిషి. ఏడవదు. మనవైపు చూస్తూ, శిలువ మీదున్న కొడుకును చేత్తో చూపిస్తుంది, అంతే.

ఇలాంటి గోడచిత్రానికి ఏరోజుకారోజు ఎంత మేర వేయగలమో అంతే గోడకు సున్నం పూయాలి. తడి ఉన్న కొద్ది గంటల్లో రంగు వేసేయాలి. ఆరితే రంగు గోడలో కలిసిపోతుంది. నచ్చకపోతే చెక్కి పారేసి మళ్ళీ పూయడమే. ఆ చూపు అలాగే ఉండాలని అతను ఆ గడువులోనే తేల్చుకున్నాడు. 1428లో, ముప్పై నిండకముందే పోయాడు. స్ట్రోజ్జీ తెరకు ఈ అవస్థ లేదు. అక్కడ ఏ రూపమూ కుదురుగా ఉండదు, కుదిరేలోపే ఇంకొకటి అయిపోతుంది. నా ఫిర్యాదు అది యంత్రం చేసిందని కాదు. దేని దగ్గరా ‘ఇక ఇదే’ అనలేదని.

మర్నాడు ఉఫీజీ చిత్రశాలలో ఈ వాదానికి లియొనార్డో గండి కొట్టాడు. తేల్చుకోవడం ఆయనకూ చేతకాదు. తడి సున్నం తొందర పడదనే మిలాన్‌లో ‘చివరి విందు’ను పొడి గోడ మీద వేశాడు, అది ఆయన బతికుండగానే పెచ్చులూడడం మొదలైంది. ఇక ఇక్కడున్న ‘జ్ఞానుల ఆరాధన’, అంటే పసి యేసును జ్ఞానులు కొలిచే ఘట్టం, 1481లో ఒక మఠం వేయమన్నది. గుర్రాలు, మెట్లు, గుమిగూడిన ముఖాలు అన్నీ గోధుమ రంగు గీతల్లోనే ఉండిపోయాయి. సగంలో వదిలి మిలాన్ వెళ్ళిపోయాడు. ఒక మనిషి ఆలోచన మధ్యలో మనం తలుపు తీసినట్టుంటుంది. నాకైతే గదిలో మిగతా పూర్తయిన పటాలకంటే అదే నచ్చింది. అనదోల్ యంత్రం దొరికితే ఆయన దాన్ని వదిలేవాడు కాదేమో!

మఠంవాళ్ళు మాత్రం పదిహేనేళ్ళు చూసి, 1496లో ఫిలిప్పీనో లిప్పీ అనే చిత్రకారుడి చేత అదే ఘట్టం వేయించుకున్నారు. నిండుగా, రంగురంగులుగా, ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు పూర్తి చేశాడు. అదీ ఉఫీజీలోనే ఉంది. దాని ముందు మాత్రం గుంపేమీ లేదు.