రెండు గడుల దూరం: ఫైర్ ఎంబ్లెమ్‌లో ఒక ఆర్చర్‌ను పెంచుతున్న చిట్టా

గడులుగా విభజించిన పటంపై వంతులవారీగా యుద్ధం చేసే ఫైర్ ఎంబ్లెమ్ వీడియో ఆటలను చాలా కాలంగా ఆడుతున్నప్పటికీ, విల్లు పట్టిన పాత్రను మొదటి నుంచి చివరి వరకు నిలబెట్టుకున్న సందర్భం నాకు ఒక్కటీ లేదు. మూడు నాలుగు అధ్యాయాలు గడిచేసరికి ఆర్చర్ వెనుకబడిపోవడం, గుర్రపు యోధులు ముందుకు దూసుకుపోవడం, ఆపైన ఆ ఆర్చర్‌ను శిబిరంలోనే వదిలేసి పోవడం నాకు అలవాటుగా మారింది. అందుకని ఈసారి ఆ వరుసలోని ‘ద సేక్రెడ్ స్టోన్స్’ను నార్మల్ స్థాయిలో మళ్లీ మొదలుపెట్టి ఒకే ఒక నియమం పెట్టుకున్నాను: నీమి అనే ఆర్చర్ చేరిన అధ్యాయం నుంచి ప్రతి యుద్ధంలోనూ ఆమె ఉండాలి, చనిపోతే ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి ఆడాలి.

ఈ ఆట జపాన్‌లో 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి ఆటయంత్రం కోసం వచ్చింది. 1990లో ఫామికామ్ అనే ఆటయంత్రంపై మొదలైన ఈ వరుసలో విల్లుకు సంబంధించిన మూలసూత్రం చాలా ఆటలలో అలాగే నిలిచింది: విల్లు రెండు గడుల దూరంలో ఉన్న శత్రువునే కొడుతుంది, పక్క గడిలోకి వచ్చినవాడిని ఏమీ చేయలేదు. కత్తి, ఈటె, గొడ్డలి ఒకదానినొకటి ఓడించే త్రికోణంలో కూడా ఇక్కడ విల్లుకు చోటు లేదు. అంటే దానికి త్రికోణం వల్ల కలిసివచ్చేదీ లేదు, నష్టమూ లేదు. 2015 నాటి ‘ఫేట్స్’ మాత్రం విల్లును గొడ్డలి జట్టులో చేర్చి ఈ పద్ధతిని మార్చింది.

3 నుంచి 5వ అధ్యాయం వరకు

నీమి 3వ అధ్యాయంలో, బోర్గో బందిపోట్ల స్థావరం దగ్గర, లెవెల్ 1 ఆర్చర్‌గా చేరుతుంది. అప్పటికి ఆమె ప్రాణం 17, బలం 4, నైపుణ్యం 5, వేగం 6, రక్షణ 3. చేతిలోని ఇనుప విల్లు దాడి 6 కనుక మొత్తం దాడి 10 అవుతుంది. ఒక బాణంతో బందిపోటు ప్రాణంలో సగం కూడా తగ్గదు, వాడి గొడ్డలి దెబ్బలు రెండు పడితే మాత్రం నీమి ఉండదు. మొదటి ప్రయత్నంలో సరిగ్గా అదే జరిగింది.

రెండోసారి ఆడినప్పుడు స్థావరంలోని ఇరుకు దారులే ఆమెకు రక్షణగా కనిపించాయి. ఒక గడి వెడల్పున్న దారిలో భారీ కవచం ధరించిన గిలియమ్‌ను అడ్డుగా నిలబెట్టి, అతని వెనుక గడిలో నీమిని ఉంచితే, గిలియమ్‌ను కొట్టడానికి వచ్చిన ప్రతివాడూ ఆమెకు సరిగ్గా రెండు గడుల దూరంలో నిలుస్తాడు. గోడకు అవతల ఉన్నవాడిని కూడా దూరం రెండు గడులైతే గోడ మీదుగానే కొట్టవచ్చు. ఈ రెండు సంగతులూ తెలిశాక 3వ అధ్యాయం ప్రాణనష్టం లేకుండా ముగిసింది.

4వ అధ్యాయంలో మొదటిసారి రాక్షసులు వస్తారు. వారిలో రెవెనెంట్లు నెమ్మదిగా కదిలే శవాలు కనుక నీమి బాణాలు వాటిపై రెండేసిసార్లు పడతాయి. ఈ ఆటలో దాడి వేగం ఎదుటివారికన్నా 4 ఎక్కువగా ఉంటే రెండో దెబ్బ దక్కుతుంది. ఇక్కడ నేను ప్రతి రెవెనెంట్‌నూ ముందు మరొకరితో కొంత కొట్టించి, చివరి దెబ్బను నీమికి మిగిల్చాను, ఎందుకంటే చంపిన దెబ్బకు దొరికే అనుభవం గాయపరిచిన దెబ్బకన్నా చాలా ఎక్కువ. విసుగు పుట్టించే పద్ధతే అయినా 5వ అధ్యాయం ముగిసేసరికి ఆమె లెవెల్ 5కు చేరింది.

ఈ దశలోనే ఆర్చర్లు ఎందుకు వెనుకబడతారో నాకు స్పష్టంగా అర్థమైంది. సెత్ వంటి గుర్రపు యోధుడు మన వంతులో ఒకరిని కొట్టి, శత్రువుల వంతులో తనపైకి వచ్చిన నలుగురికీ ఎదురుదెబ్బ తీస్తాడు, దాంతో ఒక్క టర్నులోనే అయిదు పోరాటాల అనుభవం సంపాదిస్తాడు. నీమికి మన వంతులో దక్కే ఆ ఒక్క పోరాటమే గతి. లోపం ఆమె బలంలో లేదు, ఎదురుదెబ్బ తీసే అవకాశం రాకపోవడంలో ఉంది. శత్రువుల వంతులో ఆమెకు పని దొరికేది వాళ్లు రెండు గడుల దూరం నుంచి కొట్టినప్పుడే, అంటే విసిరే ఈటెలవాళ్లు, మంత్రగాళ్లు, ఎదుటి ఆర్చర్లు వచ్చినప్పుడే. అందుకే అప్పటి నుంచి అలాంటివారిని ఏరుకుని, ఒక్క దెబ్బకు తట్టుకుంటుందని లెక్క చూసుకున్నాక, కావాలనే నీమిని వారి అందుబాటులో ఉంచడం మొదలుపెట్టాను.

6 నుంచి 9వ అధ్యాయం వరకు: ఏ విల్లు?

చేతిలో ఉక్కు విల్లు ఉన్నప్పుడు ఇనుప విల్లును ఎందుకు వాడాలన్న ప్రశ్నకు జవాబు బరువులో ఉంది. ఆయుధం బరువు పాత్ర శరీర దారుఢ్యాన్ని మించితే, మించినంత మేర దాడి వేగం తగ్గుతుంది. నీమి దారుఢ్యం 5 మాత్రమే. ఇనుప విల్లు బరువు కూడా 5 కనుక నష్టం లేదు. ఉక్కు విల్లు బరువు 9 కనుక వేగంలో 4 పోతుంది.

లెవెల్ 10కి చేరినప్పుడు నా నీమి ప్రాణం 22, బలం 8, నైపుణ్యం 10, వేగం 12, అదృష్టం 8, రక్షణ 4. వేగం 8 ఉన్న శత్రువును ఇనుప విల్లుతో రెండుసార్లు కొడుతుంది, దాడి 14 చొప్పున. దాడి 9 ఉన్న ఉక్కు విల్లుతో ఒక్కసారే కొడుతుంది, దాడి 17. దాడిలో నుంచి రక్షణ పోగా మిగిలిందే దెబ్బ కనుక, శత్రువు రక్షణ 6 అయితే ఇనుప విల్లు 16 ప్రాణం తీస్తుంది, ఉక్కు విల్లు 11 మాత్రమే తీస్తుంది. రక్షణ 11 దగ్గర రెండూ సమానమవుతాయి. అంతకు మించి కవచం ఉన్నవాడి మీదే ఉక్కు విల్లుకు పైచేయి, కానీ అప్పటికి రెండిటి దెబ్బా ఆరుకు లోపే కనుక ఆ పైచేయితో ఒరిగేది పెద్దగా లేదు. అలాంటివాడిని మంత్రగత్తె అయిన లూట్‌కు అప్పగించడమే మేలు.

పొడవు విల్లు విషయంలో నేను చాలా ఏళ్లు పొరపడ్డాను. రెండు నుంచి మూడు గడుల దూరం కొట్టగలదన్న ఒక్క మాట విని దానిని గొప్పగా తలచేవాడిని. దాని దాడి 5, గురి 65, బరువు 10, కేవలం 20 వాడకాలు, ఖరీదు 2000. అంటే ఒక్కో బాణానికి 100 గోల్డ్ ఖర్చవుతుంది. ఇనుప విల్లు 540కి 45 వాడకాలు ఇస్తుంది, బాణానికి 12 చొప్పున. అయినా పొడవు విల్లును అమ్మలేదు. మన మనుషులు ఇద్దరు వరుసగా నిలిచిన దారిలో మూడో స్థానం నుంచి కొట్టగల ఆయుధం మరొకటి నా దగ్గర లేదు.

గురి లెక్క కూడా ఒకసారి చెప్పుకోవాలి. ఆయుధం గురికి నైపుణ్యానికి రెట్టింపు, అదృష్టంలో సగం కలిపి, అందులో నుంచి శత్రువు తప్పించుకునే శక్తిని తీసివేస్తే తెరపై కనిపించే శాతం వస్తుంది. అయితే ఆట ఒక యాదృచ్ఛిక సంఖ్యతో కాక రెండు సంఖ్యల సగటుతో ఫలితం తేలుస్తుంది కనుక, తెరపై 73 కనిపిస్తే నిజంగా తగిలే అవకాశం సుమారు 85 ఉంటుంది. పొడవు విల్లు చూపించే అంకెలను చూసి భయపడనక్కరలేదని ఈ లెక్క వేసుకున్నాకే ధైర్యం వచ్చింది. ఇదే లెక్క యాభైకి దిగువన తలకిందులవుతుంది, అప్పుడు కనిపించే అంకెకన్నా నిజమైన అవకాశం తక్కువ.

మరొక చిన్న ఉపాయం వనెస్సాకు సంబంధించినది. నీమి తేలిక మనిషి కనుక వనెస్సా ఆమెను రెక్కల గుర్రం మీద ఎత్తుకుని కొండల అవతల దించగలదు. మోస్తున్నంత సేపు వనెస్సా నైపుణ్యం, వేగం సగానికి పడిపోతాయి కాబట్టి ఎత్తుకున్న టర్నులో శత్రు ఆర్చర్ అందుబాటులో ఆగకూడదు. మన విల్లు వాళ్ల ఎగిరేవాళ్లకు ఎంత ప్రమాదమో వాళ్ల విల్లు మన వనెస్సాకూ అంతే.

10వ అధ్యాయం: ఇన్నెస్ రాక

కథ రెండుగా చీలినచోట నేను నాయిక ఐరికా దారిని ఎంచుకున్నాను కనుక కార్సినో తిరుగుబాటు అధ్యాయంలో ఇన్నెస్ చేరాడు. లెవెల్ 1 స్నైపర్‌గా (ఆర్చర్‌కు పై తరగతి) అతని బలం 14, వేగం 15, రక్షణ 10. ఏడు అధ్యాయాలు చేతిలో పెట్టుకుని పెంచిన నీమి పక్కన ఈ అంకెలను చూసినప్పుడు మనసు చివుక్కుమన్న మాట నిజం. నిష్పక్షపాతంగా ఆడేవారెవరైనా ఇక్కడ నీమిని పక్కన పెట్టి ఇన్నెస్‌ను తీసుకుంటారు, వారిని తప్పుపట్టలేను. నేను ఇద్దరినీ తీసుకున్నాను. కోల్మ్ నీమికి చిన్ననాటి స్నేహితుడు. అతనికి మూడు గడుల లోపు ఉంచితే ఆమెకు సపోర్ట్ బలం కూడా కలుస్తుంది కనుక ఆ ముగ్గురినీ ఒక చిన్న దళంగా నడపడం మొదలుపెట్టాను.

13వ అధ్యాయం: నా తప్పు

హామిల్ లోయ అధ్యాయానికి నీమి లెవెల్ 14: బలం 10, నైపుణ్యం 12, వేగం 14, అదృష్టం 10. ఈ ఆటలో ఎగిరే శత్రువుల మీద మామూలు విల్లుల దాడి మూడింతలవుతుంది. చౌకైన ఇనుప విల్లే 18 దాడితో కొడుతుంది, దానికి ఆమె బలం కలిస్తే 28. ఎగిరే డ్రాగన్ల వంటి వైవర్న్‌లపై వచ్చే రౌతులు కనిపించగానే ఆమెను ముందుకు జరపడం అప్పటికే చేతికి అలవాటైపోయింది.

ఒక వైవర్న్ రౌతు ఆమెకు రెండు గడుల దూరంలో నిలిచాడు. యుద్ధ అంచనా పెట్టె తెరిచాను: 16 రెండుసార్లు, గురి 90, ఎదుటివాడి ప్రాణం 30. అంకెలు చూసి మురిసిపోయి, పేరు చదవకుండా బటన్ నొక్కాను. మొదటి బాణం తగిలింది, రెండో బాణం తగిలింది, పడిపోతున్నవాడు తన చివరి మాటలు చెబుతుంటే అప్పుడు గుర్తుపట్టాను. అతను కార్మాగ్. ఐరికా వెళ్లి మాట్లాడితే మన పక్షాన చేరవలసిన మనిషి. అతని రక్షణ 12, వేగం 10. నీమి వేగం 13 అయి ఉంటే రెండో బాణం పడేదే కాదు, అతను బతికేవాడు. పది అధ్యాయాలుగా నేను పెంచుకున్న వేగమే అతని ప్రాణం తీసింది.

ఇదే వరుసలోని ‘త్రీ హౌసెస్’లో ఉన్నట్టు కాలాన్ని వెనక్కు తిప్పే సదుపాయం ఈ ఆటలో లేదు. నా నియమం నీమికే వర్తిస్తుంది కనుక ముందుకు సాగే వీలున్నా, కార్మాగ్ లేకుండా సాగడానికి మనసొప్పలేదు. యాభై నిమిషాల ఆటను వదులుకుని అధ్యాయాన్ని మొదటి నుంచి ఆడాను. ఈసారి ఎగిరే ప్రతి శత్రువు మీదా కర్సర్ పెట్టి పేరు చూశాకే బాణం వేశాను.

ప్రస్తుత స్థితి

ఆర్చర్‌ను పై తరగతికి మార్చే ఓరియన్స్ బోల్ట్ అనే వస్తువు చాలా రోజులుగా సామగ్రిలో ఉంది. లెవెల్ 10కి చేరాక ఎప్పుడైనా వాడవచ్చు, కానీ నీమి బలం ఇంకా పెరగాలని లెవెల్ 14 వరకు ఆపాను. ఇది కొంచెం అత్యాశే అనిపిస్తోంది, 12 దగ్గరే వాడి ఉంటే గడిచిన రెండు అధ్యాయాలు తేలికయ్యేవి. ఆర్చర్‌కు రెండు దారులున్నాయి. స్నైపర్ అయితే విల్లే ఆయుధం, తన లెవెల్ ఎంతో అంత శాతం అవకాశంతో గురి తప్పని దెబ్బ వేసే నైపుణ్యం వస్తుంది, మూడు నుంచి పది గడుల దూరం కొట్టే బలిస్టా అనే పెద్ద విల్లు యంత్రాన్ని ఎక్కే హక్కు నిలుస్తుంది. రేంజర్ అయితే గుర్రం, కత్తి రెండూ దొరుకుతాయి, బలిస్టా పోతుంది, గుర్రాలను వెతికి కొట్టే ఆయుధాలకు లక్ష్యమవుతుంది. గుర్రమెక్కినా దాడి చేశాక మిగిలిన అడుగులు వేసే వీలు ఈ ఆటలో లేదన్నది గుర్తుంచుకోవాలి.

స్నైపర్ పనికి ఇన్నెస్ ఉన్నాడు కనుక నీమిని రేంజర్‌గా మార్చాను. పక్క గడికి వచ్చినవాడికి ఎదురుదెబ్బ తీయడానికి ఒక ఇనుప కత్తి ఇచ్చాను. ఇప్పుడు ఆమె మూటలో మూడు విల్లులున్నాయి: సగం వాడిన ఇనుప విల్లు, వైవర్న్‌ల కోసం ఇంకొక కొత్త ఇనుప విల్లు, 20 వాడకాలూ మిగిలిన కిల్లర్ విల్లు. కిల్లర్ విల్లు బరువు 7, క్రిటికల్ 30. దానికి ఆమె నైపుణ్యంలో సగం కలిసినప్పుడు మూడింతల దెబ్బ పడే అవకాశం, శత్రువు అదృష్టం పోగా, మూడింట ఒక వంతుకు పైనే ఉంటుంది. 14వ అధ్యాయాన్ని దానితోనే మొదలుపెడతాను, పొడవు విల్లును ఇన్నెస్‌కు ఇచ్చేశాను.