పోతే పోయిందట

"చిన్న టీమే కదమ్మా, పోతే పోయింది" అన్నారు బావగారు, పప్పన్నంలో నెయ్యి వేసుకుంటూ. ఇంటికొచ్చిన పెద్దాయనతో భోజనాల దగ్గర ఏం వాదిస్తాం? ఊరుకున్నాను. కానీ ఒళ్ళు మండిపోయింది. సాయంత్రానికైనా చల్లారుతుందనుకుంటే చల్లారలేదు. అందుకే అందరూ పడుకున్నాక ఇలా కూర్చున్నాను.

శనివారం ఊస్టర్ వెళ్ళి వూసాక్స్ బేస్‌బాల్ ఆట చూద్దామని బావగారి ఆలోచన. ఆ వూసాక్స్ ఒకప్పుడు పాటకెట్ టీమ్, పాసాక్స్. పాటకెట్‌ని వదిలి మాసచూసెట్స్‌లోని ఊస్టర్‌కి పోయి పేరు మార్చుకుంది. చిన్నోడు ఎగిరి గంతేశాడు. వాడికి ఊహ తెలిసేసరికే పాసాక్స్ లేదు, వాడిననేదేం లేదు. పెద్దది మాత్రం ఒకసారి నా మొహం చూసి, తల దించుకుని తినడం మొదలెట్టింది.

చిన్న టీమే, నిజమే. పై లీగ్‌లో ఆడే బోస్టన్ రెడ్‌సాక్స్‌కి ఒక మెట్టు కింద, ట్రిపుల్-ఏ అనే స్థాయి. రేపోమాపో పైకెళ్ళబోయే కుర్రాళ్ళూ, దెబ్బ తగిలి కోలుకోడానికి పైనుంచి వచ్చిన పేరున్నవాళ్ళూ, ఎప్పటికీ పైకెళ్ళనివాళ్ళూ అందరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని పాటకెట్ కూడా చిన్న ఊరే, డెబ్భై అయిదు వేల జనం. అమెరికాలో నీటితో నడిచే నూలు మిల్లు మొదట నిలదొక్కుకున్నది అక్కడే, 1790ల్లో. తర్వాత మిల్లులన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1977కల్లా టీమ్ కూడా దివాళా తీసింది. అప్పుడు దాన్ని కొన్నది బెన్ మాండర్, మిల్లుల వ్యాపారంలోంచి వచ్చినాయనే. మిల్లు కార్మికుడు పెళ్ళాం పిల్లలతో రాగలిగేలా టికెట్ ఉండాలన్నది ఆయన పట్టుదల. పార్కింగ్‌కి డబ్బు తీసుకునేవాళ్ళు కాదు. 2005లో ఒక్క సీజన్‌లో 6,88,421 మంది వచ్చారు. ఊరి జనాభాకి తొమ్మిది రెట్లు! దీన్నా పోతే పోయిందనడం?

మావయ్యగారు తెనాలి నుంచి వచ్చిన వేసవి గుర్తొస్తోంది. ఈ దేశంలో ఆయనకి ఏదీ నచ్చలేదు. ఇల్లు జైలు, కూరలు చప్పన, పలకరించే మనిషి లేడు. ఓ సాయంత్రం బలవంతంగా పాసాక్స్ ఆడే మెకాయ్ స్టేడియంకి లాక్కెళ్ళాం. మొదటి రెండు ఇన్నింగ్స్ చేతులు కట్టుకుని కూర్చున్నారు. బంతి నేల మీద పడకుండానే కొడతారేమిటి, ఇది ఆటేనా అన్నారు. తర్వాత ఆయన చూపు ఆట మీంచి పిల్లల మీదికి పోయింది.

మెకాయ్‌లో ఆటగాళ్ళు కూర్చునే చోటు ప్రేక్షకుల సీట్ల కింద, మైదానం మట్టానికి ఉండేది. పైనుంచి చూస్తే వాళ్ళు కనబడరు, చెయ్యి అందదు. అందుకని పిల్లలు పాలడబ్బా పక్కన కోసి, అందులో బంతీ పెన్నూ పెట్టి, తాడు కట్టి కిందికి వదిలేవాళ్ళు. కింద ఎవరో తీసుకుని సంతకం చేసి, తాడు ఓసారి లాగేవారు. పైకి చేదుకోవడమే. ఎన్నో ఏళ్ళుగా అక్కడ ఇదే ఆనవాయితీ. మా పెద్దదాని డబ్బా మాటిమాటికీ ఒరిగిపోయి బంతి దొర్లిపోతోంది. మావయ్యగారు లేచారు. "ముడి అలా కాదే పిచ్చిదానా" అంటూ మూడు చోట్ల కన్నాలు పొడిపించి, బావిలో బొక్కెనకి వేసే ముడి వేశారు. ఆ తర్వాత డబ్బా ఊగలేదు. చుట్టుపక్కల పిల్లలంతా తమ తమ డబ్బాలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, వాళ్ళకి తెలుగు రాదు. ఆట అయిపోయేదాకా ముడులు వేస్తూనే ఉన్నారు. బంతి మీద ఎవరి సంతకమో మాకు ఈనాటికీ తెలియదు, గీతలే కనిపిస్తాయి. ఆ బంతి ఆయన తెనాలి పట్టుకుపోయారు. ఇప్పటికీ అత్తయ్యగారి దేవుడి గది పక్క అలమరలో ఉంది.

తిరిగొస్తుంటే దారిలో ఈయన 1981 ఆట సంగతి చెప్పారు. ఏప్రిల్ 18 రాత్రి పాటకెట్‌కీ రోచెస్టర్‌కీ మొదలైన ఆట, సమానమై ఎంతకీ తెగలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోవాల్సింది ముప్ఫై రెండు దాకా సాగింది. చలికి ఆటగాళ్ళు విరిగిన బ్యాట్లు తగలబెట్టి కాచుకున్నారు. ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున 4:07కి ఆపేసరికి ప్రేక్షకుల్లో మిగిలింది 19 మంది. జూన్ 23న మళ్ళీ మొదలుపెడితే ముప్ఫై మూడో ఇన్నింగ్స్ పద్దెనిమిది నిమిషాల్లో తేలిపోయింది. 3-2తో పాటకెట్ గెలిచింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంత పొడుగు ఆట మరొకటి లేదు. అందులో ఆడిన వేడ్ బోగ్స్, కాల్ రిప్కెన్ ఇద్దరూ తర్వాత బేస్‌బాల్‌లో గొప్పవాళ్ళ పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు. గెలిపించిన దెబ్బ కొట్టింది మాత్రం డేవ్ కోజా. "అతనేమయ్యాడురా?" అన్నారు మావయ్యగారు. పై లీగ్‌లో ఒక్క ఆటైనా ఆడే అవకాశం రాలేదు నాన్నా, అన్నారు ఈయన. మావయ్యగారు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. బోగ్స్ పేరు మర్చిపోయారు గానీ, ఊరెళ్ళాక కూడా ఫోన్‌లో కోజాని అడిగేవారు.

ఇక మండిన సంగతి. మాండర్ 2010లో పోయారు. 2015లో టీమ్ చేతులు మారింది. కొత్తవాళ్ళు రాగానే రాష్ట్ర రాజధాని ప్రావిడెన్స్‌కి తీసుకుపోతాం, ప్రభుత్వం ఏళ్ళ తరబడి డబ్బు ఇవ్వాలి అన్నారు. జనం ఒప్పుకోలేదు. తర్వాత పాటకెట్‌లోనే కొత్త స్టేడియం అన్నారు. అసెంబ్లీలో నలిగి నలిగి, 2018 ఆగస్టులో ఊస్టర్‌కి పోతున్నామని ప్రకటించారు. 2020లో వీడ్కోలు సీజన్ అయినా దక్కుతుందనుకుంటే కోవిడ్ వచ్చి అదీ రద్దయింది. ఆ వేసవి మైదానంలో బల్లలు వేసి భోజనాలు పెట్టారు. మేమూ వెళ్ళాం, గడ్డి మీద కూర్చుని తిన్నాం. బాగుంది.

నాలుగు దశాబ్దాలు గుండెల్లో పెట్టుకున్న ఊరిని ఒక లెక్కల కాగితం చూసి వదిలెయ్యడం అన్యాయం. ఇదే రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే మాత్రం ఇంకో వైపు కూడా కనిపిస్తోంది. బావగారు చెయ్యి కడుక్కుంటూ, "ఆ రోడ్ ఐలాండ్ వాళ్ళు వీడియో గేముల కంపెనీకి ఇచ్చి మునిగింది చాలదా?" అన్నారు. అదీ నిజమే. మాజీ ఆటగాడు కర్ట్ షిల్లింగ్ పెట్టిన ఆ కంపెనీకి రాష్ట్రం 7.5 కోట్ల డాలర్ల బాండ్లకి హామీగా నిలబడింది. 2012లో కంపెనీ దివాళా తీసింది. షిల్లింగ్ రెడ్‌సాక్స్ హీరోయే. అలా కాలినవాళ్ళు మరో బేస్‌బాల్ యజమానికి మళ్ళీ ఖజానా తెరవమంటే ఎలా తెరుస్తారు? ఊస్టర్ తెరిచింది. అక్కడ కట్టిన కొత్త స్టేడియం పోలార్ పార్క్ ఖర్చు పది కోట్ల డాలర్లు దాటింది. ఆ భారం ఊస్టర్ వాళ్ళది. అక్కడి పిల్లలకీ ఓ టీమ్ ఉండాలిగా. ఇన్నాళ్ళూ వాళ్ళమీద పెంచుకున్న కోపం నాకిప్పుడు అంత సబబుగా అనిపించట్లేదు.

అలా అనుకుని ఊరుకుందామంటే మెకాయ్ పుట్టుకే అడ్డొస్తుంది. ఆ స్టేడియం మేయర్ మెకాయ్ బురద నేల మీద, ప్రజల డబ్బుతో కట్టించింది. ఊబిలో డబ్బు పోస్తున్నాడని అప్పట్లో ఊరంతా ఎగతాళి చేసింది. 1942లో తెరిచిన ఆ దండగమారి స్టేడియమే డెబ్భై ఏళ్ళ పైన ఊరిని నిలబెట్టింది. పైగా, బేస్‌బాల్‌కి లేవన్న డబ్బు తర్వాత సాకర్ స్టేడియంకి దొరికిందేం? అదే పాటకెట్‌లో, నది ఒడ్డున, 2025లో తెరిచారు. రాష్ట్రం బాండ్లు వేసి మరీ సాయం చేసింది. దీనికి మాత్రం నాకు సమాధానం దొరకట్లేదు, బావగారూ చెప్పలేదు.

మెకాయ్‌ని పడగొట్టేశారు. ఆ స్థలంలో రెండు పాత హైస్కూళ్ళు కలిపి ఒక పెద్ద హైస్కూలు కడుతున్నారు. 2022లో పాటకెట్ జనం ఓటేసి ఒప్పుకున్నారు. స్కూలుకి ఎవరం అడ్డు చెబుతాం? నేనూ చెప్పను. పాత స్టేడియంలో పైకెక్కే దారి పొడవునా, ఇక్కణ్ణుంచి పై లీగ్‌కి వెళ్ళినవాళ్ళ బొమ్మలుండేవి. మావయ్యగారు ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, ఇతనెవరని అడిగి మరీ ఎక్కారు. కొత్త స్కూల్లో కూడా ఓ గోడ పెట్టాలి. దాని మీద పైకెళ్ళినవాళ్ళ పేర్లొద్దు, వాళ్ళకి వేరే చోట్ల ఉన్నాయి. కోజా పేరుండాలి, ఆ 33 ఇన్నింగ్స్ స్కోరు ఉండాలి, తాడు కట్టిన పాలడబ్బా ఒకటి అద్దంలో పెట్టాలి.

సిటీ కౌన్సిల్‌కి ఉత్తరం రాస్తానని ఇందాక ఈయనతో అన్నాను. మనది మాసచూసెట్స్‌లోని అటిల్‌బరో, రాష్ట్రమే వేరు, మన మాట వాళ్ళెందుకు వింటారు అన్నారు నిద్రమత్తులో. వినకపోయినా సరే, రాస్తాను. డబ్బా ముడి ఎలా వెయ్యాలో బొమ్మ గీసి పెద్దది ఇస్తుంది.