సీమేక్‌కి కంపైలర్ ఎవరో తెలియలేదట

తిరుపతి బైరాగిపట్టెడలో మా పక్క రూం తమ్ముడు, "అన్నా, సీమేక్ ఎర్రర్ కొడతాంది, రేపు ప్రాజెక్ట్ రివ్యూ" అని టెన్షన్‌తో లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. సీమేక్ అంటే ప్రోగ్రాం బిల్డ్‌ని సెట్ చేసిపెట్టే టూల్, కంపైలర్ అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చేది. "సీ కంపైలర్ ఐడెంటిఫికేషన్ ఈజ్ అన్‌నోన్" అంటోంది. అందరూ చేసేదే, జీసీసీ అనే కంపైలర్‌ని రెండోసారి ఇన్‌స్టాల్ చేసి చూశాడట, లాభం లేదు.

సీమేక్ పేరు చూసి కంపైలర్‌ని గుర్తుపట్టదు. ఒక చిన్న సీ ఫైల్‌ని దానికిచ్చి కంపైల్ చేయించి, వచ్చిన ఫైల్లోని గుర్తుల్ని బట్టి ఇది జీసీసీనా, క్లాంగా అని తేల్చుకుంటుంది. ఆ చిన్న పనే ఫెయిలైతే అన్‌నోన్. అసలు కారణం స్క్రీన్ మీద కాదు, సీమేక్‌ఫైల్స్ ఫోల్డర్‌లోని లాగ్‌లో ఉంటుంది (3.26 నుంచి దాని పేరు సీమేక్‌కాన్ఫిగర్‌లాగ్). అక్కడ "నో సచ్ ఫైల్" అని ఉంది, చూస్తే ఫైల్ కళ్ల ముందే ఉంది! ఇదే మనిషిని తికమక పెట్టేది. ఎలక్ట్రానిక్ బోర్డు కోసం ఎవరో ఇచ్చిన పాత టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు టూల్స్ సెట్) అది, 32 బిట్‌ది, ఏ కంపైలర్ వాడాలో చెప్పే సీసీ వేరియబుల్ దాన్నే చూపిస్తోంది, 64 బిట్ ఉబుంటులో దాన్ని నడిపే లోడర్ లేదు, దొరకనిది ఆ లోడరన్నమాట.

వాడికి కావలసింది మామూలు జీసీసీనే కాబట్టి సీసీని అన్‌సెట్ చేసి, బిల్డ్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేయించాను, లేకపోతే సీమేక్ గుర్తుపెట్టుకునే కాష్‌లో పాత కంపైలరే ఉండిపోతుంది.