రెండు ఫ్లాట్ల డబ్బు ఎక్కడికి పోయింది?

ఈ ఏడాది మా అపార్ట్‌మెంట్ లెక్కలు నా నెత్తిన పడ్డాయి. 20 ఫ్లాట్లు, తలా 2500 మెయింటెనెన్స్. నోటి లెక్కకి కూడా 50,000. ఎక్సెల్‌లో =సమ్ కొడితే మాత్రం 45,000 అంటోంది! డబ్బు వ్యవహారం కదా, ఒకటే టెన్షన్. మూడుసార్లు రసీదులు తిరగేశాను, అన్నీ ఉన్నాయి.

చివరికి మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఈ రెండూ ఎడమవైపుకి ఎందుకు అతుక్కున్నాయి?" అంది. చూస్తే, చెక్కు రాసే అలవాటుకొద్దీ ఆ రెండు గడుల్లో 2500/- అని కొట్టాను. ఆ గీతలు చూసి ఎక్సెల్ దాన్ని అంకె కాదు, అక్షరాలు అనుకుంది. సమ్ అలాంటివాటిని నోరెత్తకుండా వదిలేస్తుంది. కనీసం ఒక ఎర్రర్ అయినా చూపించొచ్చుగా!

నీళ్ల బిల్లు దగ్గర ఇంకో తమాషా. యూనిట్ రేటు ఎఫ్1 గడిలో పెట్టి, మొదటి ఫ్లాట్‌కి =బి2*ఎఫ్1 అని రాసి కిందికి లాగాను. మొదటిది తప్ప అందరికీ సున్నా! బి2 బి3కి జారినట్టే ఎఫ్1 కూడా ఎఫ్2కి జారింది, అక్కడేమో ఖాళీ. ఫార్ములాలో ఎఫ్1 మీద కర్సర్ పెట్టి కీబోర్డు మీది ఎఫ్4 మీట నొక్కితే $ గుర్తులు పడి కదలకుండా కూర్చుంది.

సున్నా బిల్లు వాట్సాప్‌లో ముందే పంపేశాను. ఒకాయన థాంక్స్ కూడా చెప్పారు.