మా ఇంట్లో ఐదు నిమిషాల ఆట

పిల్లల మొండి ప్రవర్తనను మార్చడానికి తల్లిదండ్రులకు ఆట ద్వారా నేర్పే శిక్షణ (పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ) ఒకటి ఉంది. నేను అందులో చేరి నిన్నటితో 14 వారాలు పూర్తయ్యాయి. ఇంకా మనసులో పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

మా అబ్బాయికి ఐదేళ్లు. కొట్టడం, చేతికి అందినది విసిరేయడం, నడివీధిలో పడుకుని ఏడవడం. తిరుపతిలో వాడు చదివే బడివాళ్లు నన్ను పిలిచి, "కన్న బిడ్డను అదుపు చేసుకోలేరా?" అని పదిమంది ముందు అడిగారు. ఆ మాటను నేను ఎన్నటికీ క్షమించను.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేశాను, తెలుగులోనే ఓపికగా మాట్లాడారు. తర్వాత బెంగళూరులో ఈ శిక్షణ ఇచ్చే నిపుణురాలు ఒకరు దొరికారు. వారానికి ఒక వీడియో కాల్. ముందుగా వాడి ప్రవర్తన గురించి 36 ప్రశ్నల పత్రం నింపాను. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

మొదటి రోజు ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి వాడితో ఆడుకోమన్నారు. ఐదు నిమిషాలు వాడు చెప్పినట్టే ఆడాలి. ప్రశ్నలు అడగకూడదు, పని చెప్పకూడదు, తప్పు పట్టకూడదు. వాడు దిండ్లతో ఘాట్ రోడ్డు కట్టి, దాని మీద బస్సు నడుపుతున్నాడు. ఇంతేనా అనుకున్నాను. సమయం అయ్యాక ఆవిడ లెక్క చదివారు: ప్రశ్నలు 21, ఆజ్ఞలు 14, తప్పు పట్టినవి 6, మెచ్చుకున్నవి సున్నా. స్పీకరు ఆన్‌లోనే ఉంది. గుమ్మం దగ్గర అనపకాయలు ఒలుస్తున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి. "చదువుకున్నదానివి, బిడ్డను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదా?" అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మరుసటి వారం నుంచి చెవిలో ఇయర్‌ఫోను. నేను నోరు తెరిస్తే చాలు, "అది ప్రశ్న" అని చెవిలో వినపడేది. ఏం మాట్లాడాలో తోచక కూర్చున్నాను. "అమ్మా, బస్సు ఏడో మైలు దగ్గర ఆగింది" అన్నాడు వాడు. "ఏడో మైలు దగ్గర ఆగింది" అన్నాను, అంతే. వాడు బస్సు వదిలేసి నా ముఖంలోకి చూశాడు. అంతసేపు నన్ను చూడటం అదే మొదటిసారి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. కేకలను పట్టించుకోవడం మానేస్తే అవి తగ్గే ముందు పెరగవచ్చు. మూడో వారంలో వాడు 40 నిమిషాలు అరిచాడు. పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. భరించలేక అత్తగారు వాడి చేతికి ఫోను ఇచ్చారు. మరునాడు ఇంకా ఎక్కువసేపు అరిచాడు. అందుకే ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి. కొట్టడం, కొరకడం లాంటివి మాత్రం చూసీ చూడనట్టు వదిలేయకూడదు. వాటికి కుర్చీలో మూడు నిమిషాలు కూర్చోబెట్టే పద్ధతి వేరే ఉంది, అది ఈ ఆట దశ తర్వాత వచ్చే రెండో దశలో నేర్పుతారు. మెచ్చుకునేటప్పుడు కూడా "మంచివాడివి" అంటే సరిపోదు, "పళ్లెం నెమ్మదిగా పెట్టావు, బాగుంది" అని చేసిన పని చెప్పాలి.

రెండు తగిలిస్తే దారికి వస్తాడని చెప్పిన బంధువులెవరూ వాడితో ఐదు నిమిషాలు కూర్చున్నవాళ్లు కారు. నేను రోజూ కూర్చున్నాను. ఏడో వారానికి నా లెక్క మెచ్చుకోళ్లు 11, ప్రశ్నలు 2. ఆ కాగితం దాచుకున్నాను.

బడివాళ్లకు ఇవేవీ చెప్పలేదు. జూన్‌లో వాడిని వేరే బడిలో చేరుస్తున్నాం.